పరధ్యానమూ, గాలిమేడలూ

రాబర్ట్‌సన్‌పేట చుట్టూ సైనైడు దిబ్బలు చూసినవారికి బంగారమే జ్ఞాపకం వస్తుంది. కాని 1965లో ఇక్కడి చాంపియన్ రీఫ్ గనిలో, సుమారు 7,600 అడుగుల లోతున, బొంబాయి టాటా పరిశోధన సంస్థవారు, ఇంగ్లండులోని డరమ్‌వారు, జపానులోని ఒసాకావారు కలిసి న్యూట్రినోలనే సూక్ష్మకణాల జాడ పట్టారు. పైనుంచి వచ్చే తక్కిన కిరణాలను రాతిపొరలు అడ్డగిస్తాయని అంత లోతుకు దిగారు. ఆకాశంనుంచి వచ్చేదానికోసం పాతాళంలో కాచుకోవడం చిత్రమే గదా!

ఇంగ్లీషులో పగటికలలు కనేవాణ్ణి 'హెడ్ ఇన్ ది క్లౌడ్స్', అనగా తల మబ్బుల్లో ఉన్నవాడు, అంటారు. జపానువారికిది నేర్పడం సులభమే అనిపిస్తుంది. వారికి 'ఉవా నో సోరా', 'పై ఆకాశం', అనే మాట ఉన్నది. తిరకాసంతా ఇక్కడే. ఆ మాట మన పరధ్యానం వంటిది: ఎదుటివారు చెప్పేది ఆ కాసేపు చెవికెక్కదు, అంతే. ఇంగ్లీషు మాటో, మనిషి స్వభావాన్నే పట్టి చెబుతుంది. మన గాలిమేడలకు మాత్రం వారి 'కూచూ రోకాకు' అచ్చంగా సరిపోతుంది. అదీ ఆకాశంలో మేడే.

గనిలో ఈ భేదం ప్రాణాలమీది మాట. ఒత్తిడికి బండలు పగిలిపడే ఆ లోతుల్లో కూలివాడు ఎన్ని మేడలు కట్టుకున్నా ఫరవాలేదు, పరధ్యానం పనికిరాదు.

2001లో గనులు మూతపడ్డాయి. ఇప్పుడు వేలమంది రైలెక్కి బెంగుళూరు పనులకు పోయివస్తున్నారు. గని మళ్ళీ తెరుస్తారట అనే మాట ఇక్కడ ఇంకా వినవస్తుంది. దాన్ని గాలిమేడ అనడానికి మాకు నోరు రాదు. నిద్రకళ్ళతోనే ఉన్నా, ఆ జనం తమ స్టేషను ఏమరకుండా దిగుతారు.