రైట్ అనకూడదు

రాజాం వాళ్ళకు కబురు ఆలస్యంగా అందడం కొత్త కాదు. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేనలూ, విజయనగరం ప్రభువు విజయరామరాజు బలగాలూ బొబ్బిలి కోట మీద పడిననాడు తాండ్ర పాపారాయుడు మా ఊళ్ళోనే ఉన్నాడు. బొబ్బిలికీ రాజాంకీ మధ్య దూరమెంతని? ఇరవై పైచిలుకు కిలోమీటర్లు. సోదరి మల్లమ్మదేవి పంపిన కబురు సకాలంలో చేరలేదని బుర్రకథల వాళ్ళు చెబుతారు. ఆయన వెళ్ళేసరికి కోటలో మిగిలింది బూడిదే. ఆ తరువాత రాత్రివేళ శత్రువు డేరాలో దూరి విజయరామరాజును చంపడం అందరూ చెప్పుకునే ఘట్టం. నాకు మాత్రం చిన్ననాటినుండీ ఆ పగ కంటే, దారిలో ఎక్కడో ఆగిపోయిన ఆ కబురు మీదే దిగులు. (అన్నట్టు, ఆ రాజాంను 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లానుండి తీసి విజయనగరం జిల్లాలో కలిపారు. పాపారాయుడు వింటే ఏమనేవాడో!)

ఈ దిగులు మా ఇంట్లో పుట్టిందే అనుకుంటాను. మా నాన్న ముప్పై ఏళ్ళకు పైగా జిల్లా పోలీసు వైర్‌లెస్‌లో పనిచేశారు. మొదట్లో టకటకల మోర్స్, ఆ తరువాత మాట్లాడే సెట్లు. స్టేషన్లో గంటలకొద్దీ ఎవరెవరి మాటలో మోసిన మనిషి ఇంటికి వచ్చాక నోరు విప్పేవారు కాదు. “ఈయనకి జీతం మాటకింతని ఇస్తారు కాబోలు, ఇంట్లో ఖర్చుపెట్టరు” అని అమ్మ దెప్పేది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఆనాటికి నాన్నా అమ్మా సోంపేటలో చుట్టాల ఇంట ఉన్నారు. ఉద్దానంలో కొబ్బరి చెట్లు కూలిపోయిన బొమ్మలు ఇక్కడ అమెరికాలో మా టీవీలోకి వస్తున్నాయి. నాన్న గొంతు మాత్రం రావడం లేదు. రెండు రోజుల తరువాత ఎవరి ఫోనునుండో నాలుగే మాటలు. “ఇద్దరం బాగున్నాం. ఇల్లు నిలబడింది. బ్యాటరీ లేదు. రేపు చెబుతాను.” ఎన్నో అడుగుదామనుకున్న మా అప్ప, ఫోను పెట్టేశాక కళ్ళు తుడుచుకుంటూ “టెలిగ్రాము ఇచ్చినట్టు మాట్లాడేరు” అంది.

మరుసటి వేసవిలో వాళ్ళను ఇక్కడికి రప్పించాము. ఎల్లోస్టోన్ చూపించాలని అప్ప పట్టు. బావ డెన్వర్‌లో ముప్పై అడుగుల మోటారు హోము ఒకటి అద్దెకు తీసుకున్నాడు. వంటిల్లు, మంచాలు, స్నానాలగది, అన్నీ చక్రాల మీదే. అమ్మ దాన్ని చూసి “పెళ్ళివారి బస్సులా ఉంది, దండలే తక్కువ” అంది. అందులో బావ, నాన్న, అమ్మ, పిల్లలు. వెనక కారులో నేను, నా భార్య, అప్ప. వయోమింగ్ కొండల్లో ఫోను అందదని తెలిసి, ఒక జత చేతి రేడియోలు కొన్నాను. వాకీటాకీలన్న మాట.

ప్యాకెట్టు మీద 35 మైళ్ళ వరకు పలుకుతుందని రాసి ఉంది. నాన్న కళ్ళజోడు సవరించుకుని చదివి నవ్వారు. “ఈ కొండ మీద నువ్వూ ఆ కొండ మీద నేనూ ఉండి, మధ్యన చెట్టూ చేమా లేకపోతే” అన్నారు. ఈ సెట్లు 462, 467 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పనిచేస్తాయి. ఆ అలలు చూపు సాగినంత మేరకే సూటిగా పోతాయి, కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. అమెరికాలో ఎఫ్.ఆర్.ఎస్. అనే ఈ పద్ధతికి లైసెన్సు అక్కరలేదు. 2017లో మారిన నిబంధనల ప్రకారం 22 చానళ్ళు, గరిష్ఠంగా రెండు వాట్లు, ఏరియల్ ఊడదీసి పెద్దది తగిలించుకోకూడదు. మా అనుభవంలో బయళ్ళ మీద మైలున్నర, రెండు మైళ్ళు. మలుపుల దారిలో ఒక్కోసారి అరమైలు కూడా గగనమే. రేకుడబ్బాలాంటి మోటారు హోము లోపల, వెనక మంచం మీదనుండి మాట్లాడితే అదీ ఉండదు. ముందు అద్దం దగ్గరే పట్టుకోవాలి. అలా ఆ సెట్టు నాన్న చేతికి వెళ్ళింది, మళ్ళీ ఎవరికీ దక్కలేదు.

తొలి రాత్రి క్యాంపులో వాహనాన్ని వెనక్కి పెట్టవలసి వచ్చింది. నా భార్య వెనక నిలబడి, మన లారీ క్లీనర్ల ధోరణిలో “రైట్... రైట్...” అంది. బావ చక్కగా కుడివైపుకు తిప్పాడు. అక్కడున్న నీటి గొట్టానికి బెత్తెడు దూరంలో బండి ఆగింది. మన బస్సుల్లో రైట్ అంటే పోనీ అని. స్టీరింగు పట్టుకున్నవాడికి రైట్ అంటే కుడి. కళ్ళెదుట మనిషి ఉంటే చేతులు చూసి అర్థం చేసుకుంటాము. గొంతు మాత్రమే చేరేచోట ఒక మాటకు రెండర్థాలుండడం ప్రమాదం. నాన్న అప్పటికప్పుడు చట్టం చేశారు. రైట్ అనకూడదు. కుడి, ఎడమ, పోనీ, ఆపు. ఆపు అన్నది రెండుసార్లు అనాలి. ఎందుకంటే మీట నొక్కీ నొక్కగానే మాట్లాడితే మొదటి అక్షరం తెగిపోతుంది. “ఆపు” అన్నది అవతల “పు” అని వినబడుతుంది. నొక్కాలి, ఒక ఊపిరి ఆగాలి, అప్పుడు మాట్లాడాలి. మీట వదిలితేనే అవతలివాడికి సందు. ఒకరు మాట్లాడుతుంటే మరొకరు మాట్లాడలేని ఈ యంత్రం మా కుటుంబానికి చేసిన మేలు ఇంతా అంతా కాదు.

ఈ సెట్లలో ప్రైవసీ కోడ్ అని ఒకటి ఉంటుంది. పేరు చూసి మోసపోవద్దు. అది పెట్టుకుంటే ఇతరుల మాటలు మనకు వినబడవు, అంతే. మన మాటలు అదే చానల్లో ఉన్న ఎవరైనా వినవచ్చు. ఒక మధ్యాహ్నం నాన్న కునుకు తీస్తుండగా అమ్మ సెట్టు పుచ్చుకుని మా మేనత్త కొడుకు పెళ్ళి సంబంధం గురించి అప్పతో సవిస్తరంగా చర్చిస్తోంది. కట్నం దగ్గరకు వచ్చేసరికి ఎవరిదో కొత్త గొంతు, “అమ్మా, మీది ఏ ఊరండీ?” అంది. మా ముందో వెనకో తెనాలివాళ్ళ కుటుంబం ఒకటి వెళుతోందట! అమ్మ సెట్టును వేడి పెనంలా వదిలేసింది.

ఇంతవరకూ సరదా. బిగ్‌హార్న్ కొండల మీద పౌడర్ రివర్ కనుమ 9,666 అడుగుల ఎత్తు. అది దాటాక దారి టెన్ స్లీప్ లోయలోకి దిగుతుంది. పక్కన నిట్టనిలువు రాతిగోడలు, మలుపు వెంట మలుపు. ఫోన్లలో ఒక్క గీత లేదు. ముందు మోటారు హోము, వెనక మేము. దిగుతున్నకొద్దీ ఏదో కాలుతున్న వాసన. అప్పే ముందు చూసింది. ఎడమవైపు వెనక చక్రం దగ్గరనుండి సన్నగా పొగ. ఆ బండిలో తన ఇద్దరు పిల్లలున్నారు. నా భార్య చేతిలోని సెట్టు లాక్కుని మీట నొక్కింది, అరవబోయింది, ఆగింది. ఒక ఊపిరి తరువాత, “నాన్నా, పొగ. వెనక ఎడమ చక్రం. పొగ” అంది.

“పొగ. వెనక ఎడమ చక్రం. విన్నాను.”

ఆ గొంతు నేను ఎరిగిన నాన్నది కాదు. తొందర లేదు, భయం లేదు, ఆప్యాయత కూడా లేదు. అప్ప మళ్ళీ మీట నొక్కి పిల్లల గురించి ఏదో మొదలుపెట్టింది. ఆవిడ వదలగానే, “మాటలొద్దు. పొగ పెరిగితే చెప్పు. లేకపోతే ఖాళీగా ఉంచు” అన్నారు. ఖాళీగా ఉంచాము. బావ చేత గేరు తగ్గించి, బ్రేకు మీద కాలు అదేపనిగా ఉంచకుండా, నొక్కి వదులుతూ దింపించారని తరువాత తెలిసింది. బరువైన బండిని పల్లంలో ఇంజనే పట్టి ఉంచాలి. బ్రేకులు కాగిపోతే పట్టు సడలిపోతుంది, ఆ తరువాత నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటే. రెండు మలుపుల తరువాత, “కుడి పక్క జాగా ఉంది. ఆపుతున్నాం. ఆపుతున్నాం. మీరు దూరంగా ఆగండి” అని వినబడింది. బండి ఆగింది. పిల్లలు దిగి, అమ్మ చేతులు పట్టుకుని నిలబడ్డారు. అప్ప కారు తలుపు వేయకుండానే పరుగెత్తింది.

బ్రేకులు చల్లారడానికి గంట పైనే పట్టింది. నాన్నా నేనూ ఒక బండరాయి మీద కూర్చున్నాము. చెప్పింది తిరిగి అప్పజెప్పడం మీకు ఎవరు నేర్పారని అడిగాను. చాలాసేపు జవాబు లేదు.

“మన వైపు ఊరికి నలుగురు అప్పలనాయుళ్ళురా” అన్నారు చివరికి. “తుఫాను రాత్రుల్లో పేర్లు వచ్చేవి. బతికినవాళ్ళవీ, కానివాళ్ళవీ. గాలికి సెట్టులో ఒకటే గరగర. అప్పలనాయుడు అని వినబడేది. ఏ అప్పలనాయుడు? తండ్రి పేరేటి? ఊరేటి? ఇంటిపేరేటి? నాలుగూ చెప్పించి, నాలుగూ తిరిగి చెప్పి, అవతలివాడు ఔనంటేనే రాసేవాడిని. వాడు విసుక్కునేవాడు. నా పక్కన గుమ్మంలో నిలబడి ఉండేవాళ్ళు రా, ఆడవాళ్ళు. నేను కాగితం మీద ఏం రాస్తే వాళ్ళకి అదే.”

ఎన్ని రాత్రులు అలా గడిచాయని అడిగాను. లెక్కపెట్టలేదన్నారు. లేచి వెళ్ళి, చక్రానికి దూరంగా చెయ్యి పెట్టి వేడి చూసి, ఇంకో పావుగంట అన్నారు.

తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దేటప్పుడు ఆ సెట్లు రాజాం తీసుకువెళ్ళమన్నాను. మేడమీద ఒకటి, కింద అమ్మ దగ్గర ఒకటి ఉంటే మోకాళ్ళనొప్పుల మనిషికి మెట్లు ఎక్కే బాధ తప్పుతుంది. మన దేశంలో 2018 అక్టోబరులో వచ్చిన నియమాల ప్రకారం 446.0 నుండి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు మినహాయింపు ఉంది. అమెరికా సెట్ల పౌనఃపున్యాలు వేరు, అవి అక్కడ చెల్లవు. 2025లో ఆన్‌లైన్ అంగళ్ళలో వాకీటాకీల అమ్మకాల మీద మార్గదర్శకాలు వచ్చినప్పుడు చాలామందికి ఈ సంగతి తెలిసింది గాని, నాన్నకు అప్పుడే తెలుసు. “ఇవి మనవి కావు. వేరొకడి దారిలో మాట్లాడినట్టు అవుతుంది” అని, రెంటినీ నా చేతిలో పెట్టేశారు. లోపలి బ్యాటరీలు తీసి, విడిగా ఒక కాగితంలో చుట్టి మరీ ఇచ్చారు.