ఝరపట్ నీళ్ళు

చంద్రపూరులో మా అప్రెంటిసు యేడాది మరి మూడు వారాలలో ముగుస్తుందనగా, ఊరు చూడనే లేదన్న సంగతి మాకు జ్ఞాపకం వచ్చింది. పదకొండు నెలలూ థర్మల్ విద్యుత్ కేంద్రానికీ బసకూ మధ్య తిరగడంతోనే సరిపోయింది. పరాయి ఊరు, పని నేర్చుకుని వెళ్ళిపోయేవాళ్ళము, మనకెందుకన్న ధీమా కూడా ఉండేది. మొన్న ఉగాదికి ఇక్కడి తెలుగు కుటుంబంవారు భోజనానికి పిలిస్తే, డ్యూటీ ఉన్నదని తప్పించుకున్నాము. నిజానికి ఆవేళ డ్యూటీ లేదు.

మా ఇద్దరిలో ఒకరు పుణేలోని హడప్సర్ కేంద్రంలో గ్లైడరు నడపడం నేర్చినవారు. గ్లైడరుకు ఇంజను ఉండదు. తాడుతో లాగి పైకి పంపిన తరువాత, యెండకు కాగిన నేలమీదనుంచి లేచే వేడిగాలిని వెతుక్కుని, అందులో గుండ్రంగా తిరుగుతూ పైకి పోవాలి. అందుచేత ఏ ఊరు వెళ్ళినా అతని చూపు ఆకాశం మీదనే. గద్దలు రెక్క ఆడించకుండా ఎక్కడ తిరుగుతున్నవి, ఏ నేల త్వరగా కాగుతున్నది, ఇదే ధ్యాస. చైత్రంలోనే 40 డిగ్రీలు దాటే చంద్రపూరు అందరికీ నరకమైతే అతనికి స్వర్గం. ఇక్కడ ఎగరకపోయినా, ఒక కాగితంమీద ఊరి పటం గీసి, బొగ్గు గనుల మట్టిదిబ్బలమీద ఎర్ర గుర్తులు, ఇరాయి జలాశయంమీద నీలి గుర్తులు పెట్టుకున్నాడు. ఎర్రవి పైకి లేపే చోట్లు, నీలివి కిందికి దించే చోట్లు.

మొదటి ఆదివారం ఆ పటం పట్టుకుని కోట చుట్టూ బయలుదేరాము. గోండు రాజు ఖాండక్యా బల్లాల్ షా ఒకనాడు వేటకు పోగా, కుందేలు ఒకటి అతని వేటకుక్కనే తరిమిందట! ఆ మహిమ గల నేలమీదనే ఊరు కట్టించాడని ఇక్కడివారు చెబుతారు. ప్రాకారానికి జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బింబా అని నాలుగు ద్వారాలు. జట్‌పురా ద్వారంమీద ఏనుగును అణచిన సింహం శిల్పం గోండు రాజుల చిహ్నం. చెట్లు మొలిచి, చెత్త పేరుకున్న ఈ గోడలను 2017లో ఎకో-ప్రో అనే స్థానిక సంస్థ యువకులు శ్రమదానంతో శుభ్రం చేయడం మొదలుపెట్టారు. పైకి చూస్తూ నడుస్తున్న మా మిత్రునికి రెండుసార్లు రాయి తగిలింది. మూడోసారి నుంచి కిందికి చూడసాగాడు.

అంచలేశ్వర్ ద్వారం దగ్గర రాజు బీర్ షా సమాధి ఉన్నది. కట్టించినది రాణి హిరాయి. భార్యకు భర్త కట్టించిన తాజమహలును లోకమంతా యెరుగును. భర్తకు భార్య కట్టించిన ఈ రాతి మందిరం ముందు ఆ మధ్యాహ్నం మేము తప్ప ఎవ్వరూ లేరు. ఇప్పటి మహాకాళి ఆలయం కూడా ఆ రాణి కట్టించినదే. 1751లో ఈ రాజ్యం నాగపూరు భోంస్లేల చేతికి పోయింది గాని, ఆ తల్లి గుడికి మాత్రం జనం రావడం మానలేదు.

ఆ జనాన్ని చైత్ర పూర్ణిమ జాతరలో చూచాము. గుడి దగ్గర ఝరపట్ వాగు. గుర్రపుడెక్క, మురుగు కలిసి నీరు నల్లగా ఉన్నది. చెవిన పడుతున్నది సగం మరాఠీ, సగం తెలుగు! కాగజ్‌నగర్ నుంచి వచ్చిన ఒక ముసలమ్మ మమ్మల్ని పలకరించింది.

“ఏ ఊరు బిడ్డా మీది?”

“రాజమండ్రి అవ్వా.”

“గోదారి ఒడ్డున్న ఊరే గదా! గీ నీళ్ళు గాడికే వస్తయి. మేం ఈడ మునిగితే మీరు ఆడ మునిగినట్టే.”

అవ్వ మాట అక్షరాలా నిజం. ఝరపట్ ఇరాయిలోనూ, ఇరాయి వర్ధలోనూ కలుస్తాయి. వర్ధ, వైన్‌గంగ ఏకమై ప్రాణహిత అవుతుంది; ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. అవ్వ అత్తగారి కాలంలో వర్ధకు అవతలి రాజురా తాలూకా కూడా ఆదిలాబాదు జిల్లాలోనిదే. 1956లో అది నాందేడు జిల్లాకు, 1959లో చాందా జిల్లాకు మారింది. సరిహద్దులు మారినవి, నీటి దారి మారలేదు. ఆ మురికిని చూచి “వీళ్ళ వాగు” అని అంతకుముందే ముక్కు మూసుకున్నవాళ్ళము, చేతులు దించుకున్నాము.

ఆ రాత్రి మిత్రుడు పటం ముందు వేసుకుని, అందులో లేని ఝరపట్‌ను గీశాడు. అది లేపే చోటా, దించే చోటా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

మరునాడు ఆ తెలుగువారింటికి పిలవకుండానే వెళ్ళాము. ఉగాది నాటి అబద్ధం చెప్పేశాము. ఆ ఇంటి పెద్దాయన, “తెలుసు నాయనా, కాళ్ళు కడుక్కోండి” అన్నారు. మూడు తరాలుగా బొగ్గు గనులను నమ్ముకున్న కుటుంబం వారిది. చిన్న పిల్లవాడికి పటం చూపి వాగు ఎక్కడికి పోతుందో చెబితే, వేలితో కాగితం అంచు దాకా గీసుకుంటూ పోయాడు.

బల్లార్షాలో రైలెక్కాము. గోదావరి వంతెనమీద నదిలో చిల్లర వేయడం మనవారి అలవాటు. మేము మాత్రం అంతదాకా ఆగలేక, వర్ధ వంతెనమీదనే వేశాము.