లేని మిషన్‌తో దింసా దరువు



పోయిన పండక్కి మా ఊళ్లో దింసాకి డీజే బాక్సులు పెట్టారు. తుడుం కొట్టే తాత అరుగు మీద ఊరికే కూర్చున్నాడు. అది చూసి బాధేసింది. కంప్యూటర్ మీద మన దరువు మనమే కడదాం అనుకున్నాం నలుగురం.

హాస్టల్‌కి వచ్చాక సోనిక్ పై దించుకున్నాం. శామ్ ఆరన్ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అది, ఉచితం. పాట మోగుతుండగానే కోడ్ మార్చొచ్చు. దీన్నే లైవ్ కోడింగ్ అంటారు.

సింథసైజర్ కొనే డబ్బులు మాకెక్కడివి? కానీ ఈ దారిలో ముందు నడిచినవాళ్లకీ మిషన్ లేదు. బాబేజ్ ఊహించిన ఎనలిటికల్ ఇంజిన్ సంగీతం కూడా కట్టగలదని 1843లోనే అడా లవ్‌లేస్ రాసింది. ఆ ఇంజిన్ ఆయన బతికుండగా పూర్తే కాలేదు. 1936లో ట్యూరింగ్ చెప్పిన మిషన్ కూడా కాగితం మీదదే. పొడుగాటి టేపు, దాని మీద గడులు. ఒక గడి చదవాలి, రూలు చూసి గుర్తు మార్చాలి, పక్క గడికి జరగాలి. అంతే.

మేమూ నోట్‌బుక్‌లో 16 గడులు గీశాం. నింపిన గడి అంటే దెబ్బ, ఖాళీ గడి అంటే మౌనం. ఒక్కో చుట్టుకి ఒక్క గడి మారాలని రూలు పెట్టాం. దాన్నే కోడ్‌లో రాశాం. మోగింది! ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

సెలవులకి వెళ్లి తాతకి వినిపించాం. చివరిదాకా విన్నాడు.

"బాగానే కొడతంది. గానీ ఆడేవోళ్లని సూడట్లేదు కదరా" అన్నాడు.

నిజమే. దింసాలో ఒకరి వీపు మీద ఒకరు చేతులేసి ఆడతారు. వాళ్ల అడుగులు చూసే తాత దరువు పెంచుతాడు, తగ్గిస్తాడు. మా మిషన్‌కి కళ్లు లేవు. డీజే బాక్సుకీ లేవు. మరి రెండింటికీ తేడా ఏముంది?

అందుకే రూలు మార్చాం. మాలో ఒకరు ఆట చూస్తూ చెప్తారు, ఇంకొకరు కోడ్‌లో వేగం అంకె మారుస్తారు. తుడుం మాత్రం తాతదే. మా మిషన్ ఆయన వెనకే నడుస్తుంది. మొదటిసారి రెండుచోట్ల తప్పాం, ఆడేవాళ్లు నవ్వారు. అయినా ఆపలేదు.

మీ ఊళ్లో దరువు తెలిసిన పెద్దలు ఉంటే ఇప్పుడే కూర్చోండి, గడులు గీసి రాసుకోండి. కంప్యూటర్ తర్వాతైనా దొరుకుతుంది.

జై ఆదివాసీ!