మూడు పర్యాయములు కట్టిన నాటకశాల

తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఆనాడు మేము సరియైన సమాధానం చెప్పలేకపోయాము. యుద్ధంలో నేలమట్టమైన నగరంలో జనులకు ఇండ్లు కట్టింపక, పాటలు పాడుకొనే భవనమును తిరిగి నిర్మించుట దేనికని అతని ప్రశ్న. జర్మనీలోని డ్రెస్డెన్ నగరపు ఒపేరా నాటకశాలను ప్రసంగవశాన పేర్కొన్నది మేమే గనుక బాధ్యతయు మాదే. గ్రంథాలయంలో కూర్చుండి ఆ భవనపు కథ చదివినాము.

ఎల్బ్ నదీతీరాన గాట్‌ఫ్రీడ్ సెంపర్ అను వాస్తుశిల్పి నిర్మించిన మొదటి నాటకశాల 1841లో ప్రారంభమైనది. వాగ్నర్ సంగీత రూపకములు మూడు 1842–45 మధ్య అక్కడనే తొలిసారి ప్రదర్శింపబడినవి. 1849 మే మాసంలో ప్రజలు సాక్సనీ రాజుపై తిరుగబడగా, రాజుగారి కొలువులోని ఈ ఇరువురూ ప్రజల పక్షం వహించారు. వీధులలో అడ్డుకట్టలు లేపుటకు సైతం సెంపర్ తన శిల్పవిద్యను వినియోగించాడట! తిరుగుబాటు అణగిపోగానే ఇద్దరూ దేశం విడిచి పారిపోయారు. 1869లో మరమ్మతు పనివారల అజాగ్రత్తవల్ల నాటకశాల దగ్ధమైనది. అప్పుడు పౌరులు కోరినదేమి? రాజద్రోహియని వెళ్ళగొట్టిన ఆ సెంపరే మరల కట్టవలెనని! ఆయన దూరాననుండి నమూనాలు గీయగా, కుమారుడు మాన్‌ఫ్రెడ్ దగ్గరుండి కట్టించాడు. 1878లో రెండవ భవనం తెరువబడినది.

ఇంతవరకు చదివి మేము మురిసిపోయిన మాట నిజం. తరువాతి పుటలు ఆ మురిపెమును నిలువనీయలేదు. 1933 మార్చిలో సంగీత నిర్వాహకుడు ఫ్రిట్జ్ బుష్‌ను నాజీ దళాలవారు ఆ నాటకశాలలోనే కేకలు వేసి వెళ్ళగొట్టారు. 1935లో రిచర్డ్ స్ట్రౌస్ కొత్త రూపకం ప్రదర్శింపబోతూ, దానిని రచించిన స్టీఫన్ జ్వైగ్ యూదుడన్న కారణాన ప్రకటనలో అతని పేరు తొలగించారు. పేరు చేర్చనిచో తాను ఉండనని స్ట్రౌస్ పట్టుబట్టి చేర్పించాడు. (ఆ ప్రభుత్వపు సంగీత మండలికి అప్పటి అధ్యక్షుడూ ఆయనే, ఈ సంగతి దాచరాదు.) నాలుగు ప్రదర్శనలతో రూపకం నిషిద్ధమైనది. అంత అందమైన గోడల నడుమ ఒక మనిషి పేరు నాలుగు రాత్రులకు మించి నిలువలేదు.

1944 ఆగస్టు 31న ‘డెర్ ఫ్రైషుట్జ్’ అను రూపకం ఆడి నాటకశాలను మూసివేశారు. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలైన బాంబుదాడులలో భవనం కాలిపోయినది; నగరంలో సుమారు 25,000 మంది మరణించారు. తూర్పు జర్మనీ ప్రభుత్వం 1977లో శంకుస్థాపన చేసి, సెంపర్ రూపకల్పన ననుసరించియే కట్టించి, 1985 ఫిబ్రవరి 13న, సరిగా నలుబది సంవత్సరములకు, ద్వారములు తెరిచినది. ఆ రాత్రి ఆడినదీ ‘డెర్ ఫ్రైషుట్జే’.

కూలిననాటినుండి శంకుస్థాపన వరకు 32 సంవత్సరములు! ఈ లెక్కను ఆ విద్యార్థికి చెప్పి, పాటలకై ఆ నగరం తొందరపడలేదన్నాము. అతడు కొంచెమాగి, “మరి ఆ జ్వైగ్ తిరిగి వచ్చాడా సార్?” అని అడిగాడు.

రాలేదనీ, 1942లో బ్రెజిల్ దేశంలో భార్యతోపాటు ఆత్మహత్య చేసుకొన్నాడనీ చెప్పినాము.