పలమనేరు నుంచి కంఠీరవకు, నీలం జెర్సీతో

మొగిలి ఘాటు ఎక్కి పైకొచ్చిన వాళ్లకు పలమనేరు గాలి వేరుగా తగులుతుంది. చిత్తూరులో ఉక్కపోసే రోజున కూడా ఇక్కడ పొద్దుగూకేసరికి భుజాల మీద ఏదో ఒకటి కప్పుకోవాలనిపిస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 680 మీటర్ల ఎత్తు మరి. ఇంకో 140 కిలోమీటర్లు పడమరకు పోతే బెంగళూరు, అది 900 మీటర్ల పైమాటే. చదువైనా, ఆస్పత్రైనా, ఉద్యోగమైనా మా ఊరి వాళ్ల కాళ్లు ముందు అటే సాగుతాయి. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే మాబోటి వాళ్లకు కూడా దగ్గర్లో ఉన్న పెద్ద మైదానం అక్కడి శ్రీ కంఠీరవ స్టేడియమే.

2024 డిసెంబరు 7, శనివారం. రాత్రి ఏడున్నరకు బెంగళూరు ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్ మ్యాచ్. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఇంతకు మించిన వైరం తక్కువ. 2023 మార్చి 3న ఇదే కంఠీరవలో ప్లేఆఫ్ మ్యాచ్ అదనపు సమయంలో బెంగళూరు ఆటగాడు సునీల్ ఛెత్రి ఫ్రీ కిక్‌ను చటుక్కున తన్ని గోల్ చేస్తే, కేరళ జట్టు అది చెల్లదంటూ మైదానం వదిలి వెళ్లిపోయింది. అప్పటి నుంచి ఈ రెండు జట్లు ఎదురుపడితే రెండు రాష్ట్రాలు నిద్రపోవు. మా తమ్ముడి కూతురు పదో తరగతి. బడి జట్టులో ఆడుతుంది. ఈ మ్యాచ్‌కు తనను తీసుకుపోతానని మాటిచ్చాను.

మాటిచ్చిన రోజు నుంచే మా ఇద్దరికీ ఒకటే చర్చ, ఏం వేసుకుపోవాలని. దీన్ని తేలిగ్గా తీసేసే వాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో బస్సెక్కాలి. సాయంత్రం మెట్రో రద్దీలో నిలబడాలి. గేటు దగ్గర తనిఖీకి ఒళ్లప్పగించాలి. రెండు గంటలు నిలబడి అరవాలి, ఎగరాలి. అర్ధరాత్రి దాటాక మార్గశిరపు చలిలో, పక్కన ఆడపిల్లతో, తిరిగి ఇల్లు చేరాలి. వీటన్నిటికీ ఒకే జత బట్టలు సరిపోవాలి. పైగా చూడటానికి బాగుండాలి. బాగుండాలన్న కోరికను దాచుకోవాల్సిన పని లేదు. మనం మనసిచ్చిన జట్టు దగ్గరకు పోతున్నాం, మంచిగా తయారై పోవడమే మర్యాద.

మొదటి సమస్య బెంగళూరు ఎఫ్‌సీ నీలం జెర్సీతోనే వచ్చింది. ఇవి ఆటగాళ్ల ఒంటికి అతుక్కునేలా కోసిన చొక్కాలు. పాలిస్టర్ అల్లిక. చెమటను నూలులా పీల్చుకుని బరువెక్కదు, గాలి తగిలితే చప్పున ఆరిపోతుంది. పరిగెత్తే వాళ్లకు అది వరం. నిలబడి చూసే మనకు మాత్రం ఆ సన్నటి గుడ్డలోంచి చలిగాలి సూటిగా లోపలికొస్తుంది. అందుకని మామూలుగా వేసుకునే దానికంటే ఒక సైజు పెద్దది తీసుకుని, లోపల నిండు చేతుల నూలు బనియను వేసుకోవడం నా పద్ధతి. బనియను నల్లది కానీ ముదురు నీలం కానీ అయితే, జెర్సీ పొట్టి చేతుల కింద కనిపించినా కుదురుగా ఉంటుంది. తెల్లది వేస్తే లోపలి గుడ్డ బయటపడినట్టుంటుంది.

పాపకు తెచ్చిన జెర్సీ మరీ పొడుగైంది. మా బజారులో ఎప్పుడూ కుట్టించే టైలరు దగ్గరకు తీసుకుపోయాను. ఆయన గుడ్డను రెండు వేళ్ల మధ్య సాగదీసి చూశాడు.

"ఇది సాగే గుడ్డ అక్కా. మామూలు సూదితో కుడితే కుట్లు తెగిపోతాయి, గుడ్డకు బొక్కలు పడతాయి. దీనికి మొన గుండ్రంగా ఉండే సూది ఏయాల. కింద మడత కూడా సాగేటట్ల కుట్టాల."

కుట్టి ఇచ్చాడు. దాంతోపాటే నేను అడిగిన ఇంకో పని కూడా చేశాడు. ఆడవాళ్ల ప్యాంట్లకు జేబులుండవు, ఉన్నా ఫోను సగం బయటికే ఉంటుంది. నా ప్యాంటుకు లోపలి వైపు జిప్పున్న లోతైన జేబు పెట్టించాను. టికెట్టు, డబ్బులు, ఇంటి తాళంచెవి అన్నీ అందులోనే. స్టేడియంలోకి పెద్ద సంచులు, నీళ్ల సీసాలు రానివ్వరు. భుజాన సంచి లేకుండా రెండు చేతులూ ఖాళీగా ఉంటేనే చప్పట్లు సాగుతాయి.

శనివారం మధ్యాహ్నం బస్టాండులో మేం నిలబడితే నలుగురూ చూశారు. నీలం జెర్సీలు, నల్ల ప్యాంట్లు, నడుముకు ముదురు నీలం స్వెటర్లు, కాళ్లకు కాన్వాస్ బూట్లు. ఆ రోజు సుబ్రహ్మణ్య షష్ఠి. పొద్దున పూజయ్యాక మా అమ్మ పట్టుబట్టి మనవరాలి జడలో కనకాంబరాలు తురిమింది. పాప మొహమాటపడి నా వైపు చూసింది.

"అత్తా, మ్యాచ్‌కు పోతా పూలేంది? నవ్వరా ఎవురైనా?"

"ఉండనీ పాపా. నీలం మీద కనకాంబరం ఎంత బాగుందో అద్దంలో చూసుకో."

నిజంగానే బాగుంది. ఒళ్లంతా ఒకే గట్టి రంగు ఉన్నప్పుడు దానికి ఎదురు రంగు చిటికెడు చాలు. కనకాంబరానికి బరువు లేదు, వాసన లేదు, అంత తొందరగా వాడదు. మా వైపు పూలల్లో అంతకంటే ఎక్కువసేపు ఎగురులాటకు తట్టుకునేది ఇంకోటి లేదు.

నంగిలి వచ్చిందంటే కర్ణాటక. బోర్డుల మీద లిపి మారుతుంది కానీ బస్సులో మాట మారదు. కోలారు దాకా తెలుగు వినిపిస్తూనే ఉంటుంది. ముళబాగిలులో దోసె తినకుండా పోవడం తప్పని మా ఇంట్లో అందరి నమ్మకం. బయట కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండే దోసె, మీద ఓడే నెయ్యి. తినే ముందు మెడ చుట్టూ తువ్వాలు కట్టుకోమన్నాను పాపను. పాలిస్టర్ మీద నెయ్యి మరక పడితే ఒక పట్టాన వదలదు. ఆ తువ్వాలు కూడా నీలమే. చల్లటి ఇంగ్లండులో అభిమానులు ఉన్ని స్కార్ఫులు కట్టుకునేవాళ్లు, అక్కడి నుంచే ఆ అలవాటు ప్రపంచమంతా పాకింది. మన ఎండలకు నూలు తువ్వాలే సరి. బస్సులో కిటికీ ఎండకు అడ్డం, దోసె దగ్గర మెడకు, స్టాండులో రెండు చేతులతో ఎత్తి పట్టుకోవడానికి, రాత్రికి చెవులకు. ఇన్ని పనులు చేసే గుడ్డ ఇంకొకటి నాకు తెలియదు.

కృష్ణరాజపురంలో బస్సు దిగి మెట్రో ఎక్కాం. 2023 అక్టోబరులో ఈ ముక్క కలిసిన దగ్గర నుంచి మా వైపు వాళ్లకు నగరం నడిబొడ్డుకు చేరడం సులువైంది. పెట్టె తలుపు తెరుచుకోగానే పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లోపల సగం నీలం, సగం పసుపు. కేరళ పిల్లలు గుంపులు గుంపులుగా, ముఖాలకు పసుపు రంగు పూసుకుని పాటలు పాడుతున్నారు. ఎవరూ ఎవర్నీ తాకలేదు, తిట్టలేదు. మా నీలం చూసి ఒక కుర్రవాడు నవ్వి, పాప కూర్చోవడానికి చోటిచ్చాడు.

నాకు తిరుపతి గంగమ్మ జాతర గుర్తొచ్చింది. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకు బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అంటూ రోజుకో వేషం కడతారు. మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, బొట్టు దిద్దుకుని నడివీధిలో నడుస్తారు. వేషం కట్టిన మనిషి ఆ రోజుకు ఫలానా ఇంటివాడు కాదు, ఫలానా ఆఫీసువాడు కాదు, అమ్మవారి మనిషి. జెర్సీ తొడుక్కున్నప్పుడు నాకూ అలాగే ఉంటుంది. బడిలో నేను టీచర్ని, ఇంట్లో పెద్దకూతుర్ని. నీలంలో మాత్రం వేలమందిలో ఒకదాన్ని.

రంగు ఎంత పనిచేస్తుందో 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో జరిగిన ఫైనల్ చూసిన వాళ్లకు తెలుసు. అప్పట్లో హైదరాబాద్ ఎఫ్‌సీదీ పసుపే, కేరళదీ పసుపే. లీగ్ పట్టికలో పైన నిలిచిన హైదరాబాద్‌కు పసుపు దక్కింది. కేరళ తన రెండో జెర్సీలో ఆడింది. అయినా కేరళ అభిమానులు పసుపులోనే వచ్చి స్టాండులు నింపేశారు. కప్పు మాత్రం పెనాల్టీల్లో మన హైదరాబాదే గెలిచింది. జట్టు చొక్కా మార్చింది కానీ జనం మార్చలేదు. అభిమాని బట్ట ఆటగాడి బట్టకు నకలు కాదని ఆ రోజు నాకు బాగా అర్థమైంది.

దీనికి పూర్తిగా ఎదురు దారి కూడా ఉంది. 1970ల చివర్లో లివర్‌పూల్ అభిమానులు జట్టు వెంట యూరప్ దేశాలు తిరిగి, అక్కడి స్పోర్ట్స్ బూట్లు, జాకెట్లు తెచ్చుకుని, క్లబ్బు రంగులు లేకుండానే స్టాండులకు పోవడం మొదలుపెట్టారు. ఇంగ్లండులో అదొక పెద్ద ఫ్యాషనే అయింది. ఆ బట్టలు నాకు నచ్చుతాయి, శుభ్రంగా, పొందికగా ఉంటాయి. కానీ 2013లో పుట్టిన క్లబ్బుకు, స్టాండులు నిండటమే గొప్పగా ఉన్న మన దేశంలో, రంగు దాచుకునే స్థోమత మనకు లేదు. 2018లో ముంబైలో భారత జట్టు ఆడితే వచ్చినవాళ్లు 2,569 మంది. మైదానానికొచ్చి మమ్మల్ని చూడండి, తిట్టినా సరేనని ఛెత్రి వీడియోలో వేడుకోవాల్సి వచ్చింది. మనం నీలం తొడుక్కుని బస్సెక్కితే, దారి పొడుగునా చూసినవాళ్లకైనా ఇలాంటి ఆట ఒకటుందని తెలుస్తుంది.

కబ్బన్ పార్క్ స్టేషనులో దిగాం. పైకొస్తే చిన్నస్వామి క్రికెట్ స్టేడియం. ఆ రోజు దాని పక్కనుంచి మామూలుగా నడిచి వెళ్లిపోయాం. ఇప్పుడు అలా వెళ్లలేను. ఆ తర్వాత ఆరు నెలలకు, 2025 జూన్ 4న, అక్కడి గేట్ల దగ్గర క్రికెట్ జట్టు విజయోత్సవానికి వచ్చిన జనంలో తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. జట్టు జెర్సీ వేసుకుని సంతోషంగా బయల్దేరిన పిల్లలు. రోడ్డంతా చెదిరిపడిన చెప్పుల ఫోటోలు అందరం చూశాం. ఆ తప్పు బట్టలది కాదు, జనాన్ని అలా గేట్ల దగ్గరకు రానిచ్చిన వాళ్లది. కానీ అప్పటి నుంచి మా పాపకు ఒక మాట గట్టిగా చెబుతున్నాను. గుంపులోకి పోయేటప్పుడు జారిపోయే చెప్పులొద్దు, వేలాడే చున్నీ వద్దు, లేసులు రెండు ముళ్లు. చెప్పు జారితే తీసుకోవడానికి వంగుతాం. గుంపులో వంగడమే ప్రమాదం.

బూట్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఆటగాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడి ఫ్రాన్సుతో 2-1 తేడాతో మాత్రమే ఓడారు. 1952లో హెల్సింకి చలిలో అలాగే దిగితే యుగోస్లావియా 10 గోల్స్ కొట్టింది. ఆ తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగేళ్లు తిరిగేసరికి మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఆ జట్టును మెల్‌బోర్న్‌లో నాలుగో స్థానం దాకా తీసుకుపోయాడు. వాతావరణాన్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో మన ఆట చరిత్రే చెబుతోంది.

కంఠీరవ 1997 జాతీయ క్రీడల కోసం కట్టింది. పచ్చికకూ స్టాండులకూ మధ్య పరుగుల ట్రాక్ ఉంటుంది కాబట్టి ఆటగాళ్లకు మన ముఖాలు కనపడవు. కనపడేది రంగొక్కటే. వెస్ట్ బ్లాక్‌లో డప్పులు మొదలయ్యాయి. కంఠీరవలో బెంగళూరు అభిమానుల గుంపు వెస్ట్ బ్లాక్ బ్లూస్ వాళ్లకు అదే చోటు. మేం వాళ్లకు పక్కగా కూర్చున్నాం, కూర్చున్నామన్నది పేరుకే. ఎనిమిదో నిమిషంలో ఛెత్రి మొదటి గోల్. సగం ఆటకు రెండు సున్నా. చలి మొదలైంది, స్వెటర్లు నడుము దిగలేదు. అరిచే ఒంటికి చలి తెలియదు. రెండో సగంలో కేరళ రెండూ సమం చేసింది. పసుపు వైపు నుంచి లేచిన ఆ హోరుకు పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. 73వ నిమిషంలో ఛెత్రి మళ్లీ. ఆట అయిపోతుందనగా అదనపు నిమిషాల్లో మూడోసారి. నాలుగు రెండు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. ఈ లీగ్‌లో అంత వయసులో హ్యాట్రిక్ కొట్టిన వాళ్లు అంతకుముందు లేరు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడి కేకలు వేస్తుంటే, లోపలి జేబు పైన చెయ్యి పెట్టి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. పాప జడలో కనకాంబరాలూ ఉన్నాయి.

బయటికొచ్చాకే చలి దెబ్బ తెలిసింది. చెమటకు తడిసిన లోపలి బనియను ఒంటికి మంచులా అంటుకుంది. నూలు అలాగే చేస్తుంది, తొందరగా ఆరదు. చిన్న మడతగా స్వెటర్ చేతిలో దాచి తెచ్చిన పొడి బనియన్లు మెట్రో స్టేషను బాత్‌రూములో మార్చుకుని, స్వెటర్ జెర్సీ లోపల వేసుకుని, తువ్వాలు చెవులకు చుట్టుకున్నాం. పైన నీలం నీలంగానే ఉంది. గెలిచిన రాత్రి స్వెటరు పైన వేసి దాన్ని కప్పడానికి పాప ఒప్పుకోలేదు, నాకూ మనసొప్పలేదు. చిత్తూరు బస్సులో కండక్టరు టికెట్టు కొడుతూ, "గెలిచినారా అమ్మా?" అని అడిగాడు. స్కోరు, గోల్స్ కొట్టిన నిమిషాలతో సహా పాప చెప్పింది.

మరుసటి రోజు పొద్దున బావి దగ్గర మా అమ్మ జెర్సీలను తన పసుపు చీరతో కలిపి నానబెట్టబోతుంటే పాప పరుగెత్తింది.

"అవ్వా, వద్దు! దాన్ని తిరగేసి చన్నీళ్లలో ఒక్కదాన్నే ఉతకాల. ఎండలో వద్దు, నీడనే ఆరేయి. ఇస్త్రీపెట్టె అంకెల మీద పెట్టొద్దు, కరిగిపోతాయి."

"పెండ్లి చీరకు కూడా ఇన్ని చెప్పలేదు కదే నాకు ఎవురూ," అంటూనే అమ్మ జెర్సీని తిరగేసి, వేరే బక్కెట్టు తెమ్మంది.