తిరానా మైదానంలో మస్జిదు, బ్యాంకు

అల్బేనియా రాజధాని తిరానా నడిబొడ్డున స్కందర్‌బేగ్ మైదానం విశాలంగా పరచుకొని ఉంది. దాని అంచున ఉన్న రెండు కట్టడాలు మా దృష్టిని ఆకర్షించాయి. ఒకటి 19వ శతాబ్దంలో పూర్తయిన ఎథెమ్ బే మస్జిదు. మరొకటి ఇటలీ వాస్తుశిల్పి మోర్పుర్గో రూపకల్పనలో 1938లో ప్రారంభమైన ఎర్రని బ్యాంకు భవనం. విశ్వాసం, సంపద - ఈ రెండింటి విషయంలోనూ ఈ చిన్న దేశం ఎన్నో పరీక్షలను ఎదుర్కొంది.

1925లో ఏర్పడిన అల్బేనియా జాతీయ బ్యాంకు పేరుకే ఆ దేశానిది. దాని పెట్టుబడిలో సింహభాగం ఇటలీదే, ప్రధాన కార్యాలయమూ రోమ్ నగరంలోనే. దేశపు బంగారాన్ని సైతం అక్కడే ఉంచారు. 1943లో జర్మన్ సేనలు దానిని రోమ్ నుండి తరలించుకుపోయాయి. యుద్ధానంతరం దొరికిన బంగారంలో తన వాటా చేతికి అందడానికి అల్బేనియా 1996 వరకు ఎదురుచూడవలసి వచ్చింది.

కమ్యూనిస్టు పాలనలో బ్యాంకు వ్యవస్థ అంతా ప్రభుత్వ హస్తగతమైంది. 1967లో మతాచరణపై నిషేధం విధించారు. మస్జిదు తలుపులు మూతపడ్డాయి. 1991 జనవరిలో వేలాదిమంది మళ్లీ ఈ మస్జిదులో అడుగుపెట్టారు.

స్వేచ్ఛ వచ్చింది గాని, సొమ్ము దాచుకోవడానికి, అప్పు పుట్టడానికి నమ్మకమైన బ్యాంకులు కరువయ్యాయి. ఆ ఖాళీలోకి ప్రైవేటు సంస్థలు ప్రవేశించాయి. 1996 చివరికి ఒక సంస్థ మూడు నెలల్లో సొమ్మును మూడింతలు చేస్తామన్నది. ప్రజలు ఇళ్లు అమ్మారు, రైతులు పశువులను అమ్మారు. గ్రీసు, ఇటలీలలో కూలి చేసిన బిడ్డలు పంపిన సొమ్మునూ అందులోనే పోశారు. ఆ లాభం ఏ వ్యాపారంలోనూ పుట్టలేదు. వెనుక వచ్చినవారి సొమ్మునే ముందువచ్చినవారికి పంచిపెట్టారు. 1997 ఆరంభంలో సంస్థలు ఒక్కొక్కటిగా కుప్పకూలాయి. అవి ప్రజలకు చెల్లించవలసిన మొత్తం దాదాపు 120 కోట్ల డాలర్లు, అంటే ఆ దేశపు ఏడాది ఉత్పత్తిలో సుమారు సగం. చెలరేగిన అల్లర్లలో దాదాపు 2,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వమే పతనమైంది. బ్యాంకు డిపాజిట్లకు బీమా కల్పించే చట్టం 2002లో గాని రాలేదు.

అల్బేనియా మనకు దూరమే గాని, ఈ మోసం మాత్రం దూరం కాదు. 'హలాల్ లాభం' అనే పేరు చూసి నమ్మి, కూతురి పెళ్లికి, హజ్ యాత్రకు దాచుకున్న సొమ్మును పోగొట్టుకున్న కుటుంబాలు హైదరాబాదులోనూ ఉన్నాయి. న్యాయమైన వ్యాపారంలో లాభంతోపాటు నష్టానికీ తావుంటుంది. నష్టమే లేదని, ప్రతి నెలా ఇంత ఖాయమని ఎవరైనా హామీ ఇస్తే, ఆ లాభం ఏ సరుకు నుండి, ఎవరి శ్రమ నుండి వస్తున్నదో మనం అడగాలి. పరుల సొమ్ము అమానతు. దానిని అప్పగించేవారు లెక్క అడగడం అవిశ్వాసం కాదు, బాధ్యత. జవాబు దొరకని చోట సొమ్ము పెట్టకపోవడమే క్షేమం.