కారుకు సెరామిక్ లేపనం

ముప్పై అయిదేళ్లపాటు ఛందస్సూ వ్యాకరణమూ బోధించిన నేను, మొన్న భాద్రపదంలో మా కారుకు స్వహస్తాలతో సెరామిక్ లేపనం చేశాను. అందం కోసం కాదు, నీళ్ల కోసం. ఏటి వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే మా అనంతపురంలో, పైపు పట్టుకొని కారు కడిగేవాడు ఎదురింటివారి ముఖం చూడలేడు. పోనీ బోరునీళ్లతో కడుగుదామంటే, ఆ నీటిబొట్టు ఎండిన చోటల్లా సున్నపు మచ్చ.

మా కారు పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారైనదే. 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆ కియా కర్మాగారానికి గొల్లపల్లి జలాశయం నుండి నీరు. అంటే హంద్రీ–నీవా మోసుకొచ్చిన కృష్ణాజలం. పుట్టినింట కృష్ణానీళ్లు తాగిన పిల్ల మెట్టినింట బోరునీటి పాలయింది!

పూత పూస్తే దుమ్ము అంత గట్టిగా పట్టదనీ, ఒక బకెట్టుతో పని తీరుతుందనీ చెప్పి మనవడు సీసా తెప్పించాడు. సెరామిక్ అన్న మాటకు మూలం గ్రీకుభాషలోని కుమ్మరిమన్ను. సీసాలోనిది మాత్రం మన్ను కాదు, సిలికా సంబంధమైన ద్రవం. అది రంగుమీద ఆరి గాజువంటి పలుచని పొర అవుతుంది. ఊరగాయ జాడీ నునుపు ఈ జాతిదే, కాకపోతే దానికి ఆవం కావాలి. సీసామీద 9హెచ్ అని చూసి వజ్రకాఠిన్యమని భ్రమపడ్డాను. అది పెన్సిళ్ల గట్టిదనంతో కట్టిన లెక్క. గులకరాయి తగిలితే గీత పడనే పడుతుంది.

నీళ్లు ఆదా చేసే ఈ పనికి ముందు నీళ్లే కావలసి వచ్చాయి. షాంపూతో కడిగి, చేతికి గరుకు తగలకుండా బంకమట్టివంటి ముద్దతో రుద్ది, మళ్లీ కడిగేసరికి తొమ్మిది బకెట్లు. ఆపైన ఆల్కహాలుతో జిడ్డు తుడవాలి. ఎండ తగిలిన రేకుమీద పూత క్షణంలో బిగుసుకుంటుంది గనుక తెల్లవారుజామునే మొదలుపెట్టాము. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ. రెండడుగుల మేర నిలువుగా, అడ్డంగా పూసి, ఇంద్రధనుస్సు ఛాయ తోచగానే మెత్తని గుడ్డతో తుడిచేయాలి. ఆలస్యమైతే చార నిలిచిపోతుంది.

ఎదురింటి అవ్వ గేటు దగ్గర నిలబడి "ఏం సారూ, కారుకు తలంటి పోస్తాండారా?" అన్నది. తొమ్మిది బకెట్లూ ఆమె లెక్కపెట్టే ఉంటుందనిపించి, ఏదో సంజాయిషీ చెప్పబోయాను. ఈలోగా బానెట్టుమీద జానెడు చార బిగుసుకుపోయింది. మళ్లీ పాలిష్ పట్టి అరగదీస్తే తప్ప పోదు. వదిలేశాను.

ఒక రోజంతా చుక్క నీరు తగలరాదని సీసా వెంట వచ్చిన కాగితంలో ఉంది. తడి పూతమీద ముసుగు కప్పరాదు. మా రేకుల షెడ్డు పొట్టిది, బానెట్టు ఆరుబయటే ఉంటుంది. సాయంకాలం ఈశాన్యాన మోడం పట్టింది. చల్లగాలి తిరిగింది. అంతలో ఊరినుండి తమ్ముడి ఫోను.

"అన్నా, మీ దిక్కు మోడం పట్టిండాదా?"

వాడిది అయిదెకరాల వేరుశనగ. ఊడలు దిగి కాయ ఊరే సమయం. ఇరవై రోజులుగా చినుకు లేదు. "పట్టింది నాయనా" అన్నాను. ఫోను పెట్టేశాక ఆకాశం చూస్తూ, ఈ ఒక్క రాత్రి ఆగితే బాగుండునని అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే ఒళ్లు జలదరించింది. ఈ నేలమీద పుట్టి, అరవై ఏళ్లు దాటి, వాన వద్దనుకోవడం నాకు అదే మొదలు. మనవణ్ణి పిలిచి, షెడ్డులోని పాతసామాను బయట పడవేయించి, కారును మూరెడు లోపలికి తోయించాను. అయినా చార ఉన్న భాగం బయటే మిగిలింది.

ఆ రాత్రి వాన రాలేదు. కురిసింది పదకొండు రోజుల తరువాత. సగం ఊడలు అప్పటికే మాడిపోయాయి.

కారు ఇప్పుడు ఒక బకెట్టుతో శుభ్రపడుతున్నది. అయితే సన్నజల్లు పడి ఎండ కాస్తే, పూసలు కట్టిన నీరు దుమ్ముతో కలిసి చుక్కలు చుక్కలుగా ఎండుతుంది. వెంటనే తుడవక తప్పదు. దసరాకు తమ్ముడు వచ్చాడు. బానెట్టుమీద అరచేయి పెట్టి నిమిరి, "అద్దం మాదిరి ఉందన్నా" అన్నాడు. వేలు చారమీద ఆగింది. "ఇదేందన్నా?" అని అడిగాడు.

"అవ్వతో మాట్లాడుతూ ఉండిపోయాను" అన్నాను. మోడం సంగతి చెప్పలేదు.